బ్రేకుల్లో మిగిలిన గాలి

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమంగానే ఉన్నాం. ఆ మాట రాశాక పెన్ను కాసేపు ఆగింది గానీ కొట్టెయ్యను. ఒంట్లో ఎవరికీ కొత్త జబ్బేమీ లేని మాట నిజమే. నువ్వూ, మరదలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మరదలి మెడనొప్పి తగ్గిందా? కొన్నాళ్ళు తలగడ తీసేసి పడుకోమను. నాకు అలాగే తగ్గింది.

ఫోన్లో చెప్పుకునేవి ఉత్తరంలో ఎందుకంటావేమో. నాన్న పక్క గదిలోనే ఉంటాడు. ఈ మధ్య రేడియో కూడా పెట్టుకోవడం లేదు. ఈ గదిలో చీర మడతపెట్టినా ఆ గదిలోకి వినపడుతుంది.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. మాత్రలు వేసుకుంటున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాను. నరం ఎండిపోతోందట, పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టడానికే ఆ చుక్కల మందు. బయటికొచ్చి మెట్లు దిగుతూ, "ఆ కుర్రడాక్టరుకే కళ్ళు ఆనడం లేదు, చీటీలో నా పేరు తప్పు చదివాడు" అన్నాడు. సైకిలు మీంచి పడ్డ ఆ పిల్ల చేతికి కట్టు విప్పారు. పళ్ళు పట్టుకెళ్ళి చూసొచ్చాను. వాళ్ళమ్మ సంచీ అందుకుంది గానీ లోపలికి రమ్మనలేదు.

ఇక కారు సంగతి. ఆ పిల్లని గుద్దిన రోజు నుంచీ నాన్నది ఒకటే పాట. "నేను చూశాను. బ్రేకు తొక్కాను. పెడల్ నేలకంటిపోయింది. అందులో నా తప్పేముంది?" మాస్టర్ సిలిండర్ పోయిందని తనే తేల్చేశాడు. నువ్వు ఇవన్నీ మరిచిపోయి ఉంటావు కనక చెబుతున్నాను, మనం తొక్కిన తొక్కుడిని ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకీ పంపేది అదే. కారు కింద ఒక్క చుక్క కూడా కారలేదు కదా నాన్నా అంటే, "లోపలి రబ్బరు చిరిగితే బయటికెలా కారుతుందే, పిచ్చిమొహమా" అన్నాడు. నేను నమ్మలేదు. మీ బావా నమ్మలేదు. పిల్లని చూడనేలేదనీ, కళ్ళ మీదికి రాకుండా నెపాన్ని ఇనుము మీదికి నెడుతున్నాడనీ మా లెక్క. కొత్త సిలిండర్ వేసేస్తే బండి బాగైపోయినట్టే, మర్నాటి నుంచి మళ్ళీ స్టీరింగు పట్టుకోవచ్చు.

ముప్పై ఏళ్ళు డిపోలో బస్సుల కింద పడుకున్న మనిషి. ఇంకొకడి పానా తన కారు మీద పడనిస్తాడా? తనే బిగించాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో చూస్తూ. చూస్తే ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

బిగించాక బ్రేకుల్లోంచి గాలి తీయాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వెనక చక్రం దగ్గర కింద నాన్న, పెడల్ మీద నేను.

"తొక్కు. తొక్కు. తొక్కి పట్టుకో!"

పట్టుకుంటాను. ఆయన చక్రం దగ్గరుండే చిన్న మర, నిపుల్ అంటారు, దాన్ని విప్పుతాడు, నా కాలు దిగిపోతుంది, ఆయిలూ గాలీ కలిసి గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే నేను కాలెత్తాలి. ముందే ఎత్తితే పోయిన గాలిని మళ్ళీ లోపలికి పీల్చేసుకుంటుంది. మొదటి రోజు నేను ముందే ఎత్తాను. కావాలని కాదు, పిక్క పట్టేసింది.

"ఏయ్! వదలమన్నానా? అది కాలా, రోకలా? అన్నేసి చదువులు చదివించాను, కాలెప్పుడెత్తాలో తెలియదు! కాలేజీలో ఆ పిల్లలు నిన్నెలా భరిస్తున్నారో, మీ ఆయనెలా భరిస్తున్నాడో!"

"మధ్యలో నన్నెందుకు లాగుతారు మామయ్యా?" అని మీ బావ వరండాలోంచి.

"నిన్నెక్కడ లాగాను బాబూ, జాలిపడ్డాను."

ఎదురింటివాళ్ళు గోడ మీంచి చూశారు. మీ బావ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేనూ నవ్వాననుకుంటాను. నాలుగు చక్రాలూ అయ్యాక తొక్కి చూస్తే పెడల్ పరుపులా మెత్తగా దిగిపోయింది. లోపల గాలి మిగిలిందన్నమాట, బ్రేకు పట్టదు. ఆ సాయంత్రం నాన్న తాళం చెవి ముట్టుకోలేదు. సందులోంచి ఎప్పుడు హారన్ వినపడుతుందా అని చెవులు రిక్కించకుండా నేను ప్రశాంతంగా కూర తరిగాను. ఆలోచన అప్పుడొచ్చింది.

మర్నాడు నాన్న, "నీ కాలుని నమ్మను. నేనే తొక్కుతా. నువ్వు కిందికి దిగి నిపుల్ విప్పు, బిగించు, గొట్టంలో బుడగలున్నాయో లేదో చూసి చెప్పు. అదైనా చేతనవునా లెక్చరర్ గారూ?" అన్నాడు.

"చేతనవుతుంది నాన్నా" అన్నాను.

ఇది రాయడానికే తమ్ముడూ, ఇంత ఉత్తరం.

గొట్టం చివర ఎప్పుడూ సీసాలోని ఆయిల్లో మునిగి ఉండాలి. నేను దాన్ని పైకి లాగి పట్టుకున్నాను. నిపుల్ బిగించకముందే "వదులు నాన్నా" అన్నాను. ఆయన వదిలాడు. గొట్టంలో ఆయిల్ వెనక్కి జరగడం, దాని వెంట గాలి లోపలికి పోవడం కళ్ళారా చూశాను. "బుడగలు?" అని పైనుంచి కేక. "లేవు నాన్నా." ప్రతి చక్రం దగ్గరా ఇంతే. నాకు ఊహ తెలిశాక ఆయన నా మాట మారు మాట్లాడకుండా విన్నది ఆ పూటే. తొక్కమంటే తొక్కాడు, వదలమంటే వదిలాడు.

పెడల్ మెత్తగానే ఉంది. తిట్టడానికి ఈసారి నా కాలు లేదు. సిలిండర్ ఊడదీశాడు, తుడిచాడు, మళ్ళీ బిగించాడు. మళ్ళీ గాలి తీశాం. మళ్ళీ నేను అదే చేశాను. ఆఖరికి సీట్లో కూర్చుని ఊరికే తొక్కుతూ, "ఎక్కడ తప్పు చేశానే?" అన్నాడు. నన్ను అడిగాడు. ఆ ప్రశ్న ఎవరినైనా అడగడం నువ్వెప్పుడైనా విన్నావా?

"వయసు నాన్నా. చేతుల్లో అంచనా తప్పుతుంది. ఎవరికైనా అంతే" అన్నాను. చాలా మెత్తగా అన్నాను. ఫెయిలైన పిల్లలకి మార్కులు చెప్పేటప్పుడు వాడే గొంతు అది. ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, మళ్ళీ తిప్పాడు. "కాబోలు" అని తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

నువ్వు కోరింది జరిగింది. కాకపోతే అది కారు దగ్గర ఆగలేదు. ఇప్పుడు స్టవ్ ఆపి, "ఆగిందా చూడవే" అంటాడు. తలుపు గడియ వేసి నన్ను పిలుస్తాడు. చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడతాడు, సరిగ్గా ఉన్నాయని నేననేదాకా కదలడు. మామయ్య ఎంత మెత్తబడ్డారో అని మీ బావ మురిసిపోతున్నారు. నాకూ బాగానే ఉంది. అది దాస్తే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు. ఇన్నేళ్ళూ నన్ను అందరి ముందూ నవ్వులపాలు చేసిన నోరు ఇప్పుడు నన్నడిగి మాట్లాడుతుంటే నాకు హాయిగా ఉంది.

ఒక్క పానా ఉంచుకుని మిగతా పనిముట్లన్నీ పాత సామానువాడికి ఇచ్చెయ్యమన్నాడు. సర్దుతుంటే పాత సిలిండర్ దొరికింది. అందరికీ చూపిస్తానని దాచుకున్నాడు, ఎవరం చూడలేదు. లోపలి పిస్టన్ బయటికి లాగాను. దాని రబ్బరు నిలువునా చిరిగి ఉంది. నా గోరు దిగింది. పెడల్ నేలకంటిన మాట నిజం.

రబ్బరు చిరిగినంత మాత్రాన కళ్ళున్నట్టు కాదు కదా? బ్రేకూ పోయి ఉండొచ్చు, పిల్లనీ చూడకపోయి ఉండొచ్చు. పొద్దున ఒకలా అనిపిస్తుంది, సాయంత్రం ఇంకోలా. ఎలా అనిపించినా చేసింది మాత్రం ఒకటే. పాత సామానువాడొస్తే అన్నిటికంటే ముందు ఆ సిలిండర్ తీసి తూకంలో వేశాను.

నిన్న భోజనం దగ్గర నాన్న తల వంచుకుని అన్నాడు: "మీ తమ్ముణ్ణి ఒకసారి రమ్మంటా. వాడి కాలు నాకు తెలుసు. వాడు తొక్కితే నేను ఆఖరుసారి చూసుకుంటా. అప్పటికీ పెడల్ గట్టిపడకపోతే బండి అమ్మేద్దాం." ఆదివారం ఫోన్లో నిన్ను తనే అడుగుతాడట.

"ఏం చేస్తావో చెయ్యక్కా, నాకు చెప్పక్కర్లేదు, ఆయన్ని కారు మాత్రం ఎక్కనివ్వకు" అని రాశావు కిందటిసారి. చెప్పక్కర్లేదన్నావు. చెప్పాను. ఒక్కదాన్నే మొయ్యలేక కాదు. నువ్వొక్కడివీ శుభ్రంగా మిగలడం నాకు ఇష్టం లేక.

రానంటే, కొడుక్కి కూడా తన చేతుల మీద నమ్మకం పోయిందనుకుంటాడు. వచ్చి సరిగ్గా తొక్కితే పెడల్ రాయిలా నిలుస్తుంది. మర్నాడు బడి వదిలే వేళకి ఆయన రోడ్డు మీద ఉంటాడు, ఆ కళ్ళతోనే. రెండూ కాదనుకుంటే మూడోది ఎలా చెయ్యాలో పైన వివరంగా రాశాను.

ఆయన చక్రం పక్కన పడుకుని "పట్టుకో" అంటాడు. కాలెప్పుడెత్తాలో నీ ఇష్టం.

ఇట్లు,
నీ అక్క