మొదటి భాగమే బాగుంది

ఫైట్ మాస్టరుగారికి నమస్కారాలు.

మీరు సినిమా టిక్కెట్టు పంపి, "రెండో భాగం చూసొచ్చి బాగుందని చెప్పమ్మా, నడుము విరిగి మంచాన ఉన్న మీ ఆయనకి కాస్త ధైర్యం వస్తుంది" అన్నారు. చూశాను.

మొదటి భాగంలో హీరోకి అప్పుడే శక్తులు వస్తాయి కనుక మేడ మీంచి దూకాడు. ఇందులో ఊరంతటినీ కాపాడాలి కనుక వంతెన మీంచి దూకాడు. రెండుసార్లూ హీరో ముసుగు వేసుకుని దూకింది మా ఆయనే. హాలంతా ఈలలు వేశారు. నాకు ఏడుపు రాలేదు. టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఆయన అడిగారు.

"ఏమే, ఈలలు పడ్డాయా?"

"చెవులు చిల్లులు పడ్డాయండీ."

"మరి మొదటిదానికంటే బాగుందా?"

మీరు చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ "మొదటిదే బాగుంది" అన్నాను. ఆయన తల గోడవైపు తిప్పుకున్నారు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. మీరైనా కోప్పడకండి, మూడో భాగం మాట ఆయన దగ్గర ఎత్తకండి.

మొదటిదాంట్లో కిందపడ్డాక దుమ్ము దులుపుకుని లేచింది కూడా మా ఆయనే. రెండోదాంట్లో పడేంతవరకే ఆయన. లేచింది హీరో.

మీ శిష్యుడి భార్య