ఈగలు హాజరు కానందుకు సంజాయిషీ

తాటిగెడ్డవలస గ్రామం,
రాజాం దగ్గర, శ్రీకాకుళం జిల్లా.
తేది 28-10-1968

సమితి అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పశువుల శాలలో ఈగలు లేకపోవడం గురించి తమరు కోరిన సంజాయిషీ, ఉన్న కోళ్లను బతకనివ్వవలెనని విన్నపం.

పై గ్రామ కాపురస్తుడు, రైతు గొర్లె అప్పలసూరి వ్రాసుకున్న అర్జీ. నాకు నాలుగు గేదెలు, ఒక జత ఎడ్లు, కొన్ని మేకలు, లెక్క నిలవని కోళ్లు కలవు. కూర్మమ్మ అనే భార్య కూడా కలదు. "ఈగల నిర్మూలన ప్రదర్శన నాడు మీ శాలలో ఈగలు ఎందుకు లేవు? ప్రభుత్వ కార్యక్రమానికి సహకరించకపోవడానికి కారణమేమి?" అని తమ కార్యాలయం నుంచి తాఖీదు అందినది. జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

1. ఆషాఢమాసంలో మా శాలలో ఈగలు ఉండేవి. ఇందుకు ఊరంతా సాక్ష్యం. పాలు పితుకుతుంటే గేదె ఈగలను తోలబోయి తోకతో నా చెంప వాయించేది. తమ విస్తరణాధికారి గారు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "సమితి మొత్తం మీద ఇన్ని ఈగలు ఎక్కడా చూడలేదు. మందు కొట్టే ప్రదర్శన ఇక్కడే పెడదాం. శ్రీకాకుళం నుంచి పెద్ద అధికారి వస్తారు, ఫోటో కూడా తీస్తారు" అని సెలవిచ్చారు. అబద్ధమెందుకు, గర్వపడ్డాను. మా వంశంలో అంతవరకు ఎవరికీ ఏ విషయంలోనూ మొదటి స్థానం రాలేదు.

2. ప్రదర్శన శ్రావణంలో అన్నారు. జీపు చెడిపోయిందని వాయిదా వేశారు. తర్వాత మందు రాలేదన్నారు. మందు వచ్చాక పంపు రాలేదన్నారు. మేము ఈగలను అలాగే ఉంచాము.

3. ఇంతలో మా పెయ్యదూడకు కళ్లు పుసులు కట్టాయి. ఈగలు ఆ కళ్ల చుట్టూ ముసిరి, ఎంత తోలినా వదిలేవి కావు. ఒకనాడు దూడకు తల్లి ఎక్కడున్నదో కనపడలేదు. పాలకోసం వెళ్లి శాల గుంజను నాకింది. అది చూసి నా భార్య ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఫోటో కోసం దూడ కళ్లు పోగొట్టేత్తావేటి మావా?" అని నిలదీసింది.

"సర్కారోలకి మాటిచ్చినాం గదే."

"మాటిచ్చింది నువ్వు. దూడ నాది."

4. ఆ మాటతో నేను గ్రామసేవకులు నరసింగరావు గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన దూడను పశువుల ఆసుపత్రికి తోలించి, కంటిమందు ఇప్పించి, తమ సమితివారే అచ్చు వేయించిన కాగితం ఒకటి తీసి మాకు చదివి వినిపించారు. ఈగ పేడలో గుడ్డు పెడుతుందట, గుడ్డు పురుగై, పురుగు ఈగ అవుతుందట. కనుక ఏనాటి పేడ ఆనాడే ఎత్తి, దూరంగా గోతిలో వేసి, మన్ను కప్పమన్నారు. శాలలో తడి నిలవకూడదన్నారు. కోళ్లను పురుగుల మీదికి వదలమన్నారు. మేము తు.చ. తప్పలేదు. మా తాతగారి నాటి నుంచి పెరుగుతూ వచ్చిన పేడ గెత్తం కుప్పను ఇద్దరం పారలతో తిరగేస్తే, లోపల పురుగులు ఎసట్లో బియ్యంలా కదిలాయి. కోళ్లు ఆ కుప్ప దిగడానికి ఒప్పుకోలేదు. మూత్రం బయటికి పోవడానికి కాలువ తీశాం. తడి మీద పొయ్యి బూడిద చల్లాం. సాయంత్రాలు వేపాకు, వావిలాకు పొగ వేశాం. ఆ పొగకు ఈగలకన్నా ముందు మా అత్తగారు తమ ఊరికి వెళ్లిపోయారు. దీని గురించి నాకు ఫిర్యాదు లేదు.

దసరా నాటికి దూడ కళ్లు తేటపడ్డాయి. ఈగలు పోయాయి.

5. దసరా వెళ్లాక జీపు వచ్చింది. పెద్ద అధికారి గారు శాలంతా కలయజూసి, "ఈగలేవయ్యా?" అన్నారు. విస్తరణాధికారి గారు నావైపు చూశారు. నేను నా భార్యవైపు చూశాను.

"ఈగలు నేవు బాబూ. పోనాయి," అంది.

"ఎక్కడికి పోయాయి?"

"పురుగులప్పుడే కోళ్లు తినేసినాయి. మరి ఈగలెలగొస్తాయి?"

"ఎవరి అనుమతితో?" అని విస్తరణాధికారి గారు గద్దించారు. కోళ్లు అనుమతి అడగలేదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

6. ఈగలను రప్పించడానికి తమవారు బెల్లప్పాకం, చేపల తలకాయలు తెప్పించి శాలలో పెట్టించారు. తలకాయలు కోళ్లు ఎత్తుకుపోయాయి. పాకం మేక నాకేసింది. అప్పుడు ప్రక్కింటి జోగయ్య, గట్టు తగాదాతో నాతో మాటలు మానేసిన మనిషి, కండువా సర్దుకుని ముందుకొచ్చి, "బాబూ, మా సాలలో కావలిసినన్ని ఉన్నాయి, దయచెయ్యండి" అన్నాడు. జీపు అటు తిరిగింది. మందు అక్కడ కొట్టారు. ఫోటోలో జోగయ్య పడ్డాడు. కొత్త చీర కట్టుకుని పొద్దుటినుంచి నిలబడ్డ నా భార్య పడలేదు. ఆ తర్వాత మా ఇంట్లో కొన్నాళ్లు గేదెలే మాట్లాడాయి.

7. జోగయ్య శాలలో ఈగలు ఆ రోజు చచ్చిన మాట వాస్తవం. మందు పడిన గింజలు తిని అతని రెండు పెట్టలు కూడా చచ్చాయి. పేడకుప్ప జోలికి ఎవరూ పోలేదు కనుక ఈగలు మళ్లీ పుట్టాయి. మొన్న అతను మా దడి దగ్గర చాలాసేపు నిలబడి, దగ్గి, "బావా, నీ కోళ్లని కొన్నాళ్లు మాకాడికి తోలుతావేటి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా నా భార్య, "కోళ్లొస్తాయి గానీ ముందు గొయ్యి తవ్వు అన్నా" అంది.

అతను తవ్వుతుంటే చూస్తూ ఊరుకోలేక నేనూ పార పట్టుకుని దిగాను. గోతిలో ఇద్దరికీ చోటు చాలక భుజాలు రాసుకున్నాయి. గట్టు గొడవ ఇద్దరం ఎత్తలేదు. ఊపిరాడితే కదా.

8. మందు నా పేర మంజూరైనందున మిగిలినదానిని నా శాలలోనే ఖర్చు చూపించాలనీ, వచ్చే వారం పంపుతో మనిషి వస్తాడనీ తాఖీదు రెండవ పేరాలో ఉన్నది. మందు కొడితే కోళ్లు పోతాయి. కోళ్లు పోతే ఈగలు వస్తాయి. అప్పుడు తమ ప్రదర్శన దివ్యంగా జరుగుతుందని నాకు తెలుసు. అయినా వద్దని ప్రార్థన.

కావున నా సంజాయిషీ అంగీకరించి, ఆ మందును ఈగలున్న చోటికి మళ్లించవలెను. జోగయ్యను చూసి మిగతావారు కూడా గోతులు మొదలుపెట్టారు గనుక, ఇకమీదట ఈగల విషయంలో మా ఊరిని నమ్ముకోవద్దని ముందుగానే తెలియపరుస్తున్నాను. తప్పులుంటే మన్నించి, కోపం లేని వేళ చూసి చిత్తగించవలెను.

ఈగలు లేకపోయినా తమ విధేయుడే అయిన,
గొర్లె అప్పలసూరి

తా.క. ఇదంతా చదివి వినిపిస్తే నా భార్య, "ఇంత రాత ఎవులు సదువుతారు? నాను సెప్పింది రాయి" అంది. ఆమె మాట ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను:

"బాబూ, రాత్రి మా పెద్ద గేదె ఈనింది. జున్ను వండుతన్నాను. పంపు మనిషిని ఆపి మీరే రండి, ఇంట్లో అమ్మగారినీ తీసుకురండి. వస్తామని కాగితం రాయకండి. అది వచ్చే సరికి జున్నుపాలు కాస్తా మామూలు పాలైపోతాయి."