జీడిపిక్కల బస్తాలో తోట పాస్‌బుక్కు

దమయంతీ, మన తోట పాస్‌బుక్కు దొరికింది! మిగతా కాగితాలన్నీ రేకుపెట్టెలో పెట్టి తాళం వెయ్యి, ఇంకే బస్తాలోనూ దాచకు. ఎలుకలు ముట్టవని జీడిపిక్కల బస్తాలో దూర్చి మరిచిపోయింది నువ్వే. నీ మొగుడేమో, అంటే నేనే, ఆ బస్తాను పలాసలో అమ్మేశాడు. ఇందాక షావుకారు ఫోన్ చేసి, “ఏటి బావా, పిక్కల్తో పాటు తోట కూడా అమ్మేసినావా?” అని ఒకటే నవ్వు. రేపు సర్వేయర్ వచ్చేసరికి అది మన చేతిలో లేకపోతే, గట్టు మీది కొబ్బరిచెట్లు తనవేనంటాడు పక్కతోట తిరుమలరావు. అందుకే దాన్ని తేవడానికి పలాస బస్సుకి పరిగెడుతున్నాను. పాస్‌బుక్కు కొరికేశాయని నెల్లాళ్లుగా మనం తిట్టిన ఎలుకలకి ఈ సంగతి తెలిస్తే పరువునష్టం కేసు వేస్తాయి!

ఇంకో మాట. పాస్‌బుక్కులో నీ ఫోటోకి బుగ్గ మీద జీడి మరక అంటిందట. అచ్చం దిష్టిచుక్కలా ఉందట. తుడవొద్దని చెప్పాను.