నీలం తాళంచెవి ఇంటి పాప

అన్నయ్యా,

ఫోన్‌లో మాట్లాడలేక మెయిల్ రాస్తున్నాను. పాప నిన్న పోయింది. రేపు ఇక్కడే న్యూజెర్సీలో, డేనియల్ వాళ్ళ యూదుల శ్మశానంలో ఖననం.

డేనియల్ నాన్న, మా మామగారు, నా పక్కన కూర్చుని వాళ్ళ ఇంటిపేరు కథ చెప్పారు. పూర్వం జర్మనీలో యూదుల వీధిలో ఇళ్ళకి నంబర్లుండేవి కావట, గుమ్మం మీది బొమ్మలే గుర్తులట. వీళ్ళ గుమ్మానికి నీలం తాళంచెవి. అదే ఇంటిపేరైంది, తర్వాత వాళ్ళ బ్యాంకు పేరూ అయింది. ఇల్లు పోయింది, బ్యాంకు పోయింది, పేరు మిగిలిందన్నారు. నేను తల ఊపాను.

ఆసుపత్రి కాగితాల్లో పాపకి ఆ ఇంటిపేరొక్కటే ఉంది. పేరు పెట్టకుండా వీళ్ళు ఖననం చేయరట. బారసాల దాకా చెప్పనని అమ్మ ఒక పేరు దాచుకుంది కదా, అడిగి వెంటనే రాయి.

ఎందుకో మాత్రం అమ్మకి ఇప్పుడే చెప్పకు.

నీ చెల్లి