గది ఉందని వేసిన వేలిముద్ర

బోరబండ,
గురువారం.

నా కడుపున పుట్టిన రవీందర్‌కు, నీ తల్లి రుక్కమ్మ దీవించి రాయిస్తున్న సంగతులు.

ఫోనులో నేను నోరు తెరవగానే "డ్యూటీల ఉన్ననే అమ్మా" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు కదా, అందుకే రాయిస్తున్నాను. రాస్తున్నది ఎదురింటి రత్నమాలమ్మ. కాకినాడ నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో ఫైళ్లు రాసిన మనిషి. నా మాటను పుస్తకాల తెలుగులో పెడుతోంది. "కోపం కొంచెం తగ్గించి రాయనా అండి?" అని అడిగింది. తగ్గించొద్దన్నాను.

పోయిన ఆదివారం నీ బిడ్డ నవ్యను చూడటానికి బాచుపల్లి హాస్టలు కాలేజీకి పోయాను. నెలకు మొదటి ఆదివారం ఒక్కటే చూడనిస్తారు. రేకుల షెడ్డు కింద తల్లిదండ్రులంతా టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే నూనె సీసా, దువ్వెన పట్టుకుపోయాను. నవ్య జడ విప్పనివ్వలేదు. "వద్దు నానమ్మా, గిట్లనే ఉండనీ" అంది. నేను ఊరుకుంటానా? విప్పాను. చెవి వెనక అరచేయంత మేర వెంట్రుక లేదు రవీందర్. ఎవరు చేశారే అంటే తల వంచుకుని తన రెండు వేళ్లు చూపించింది. చదువుతూ చదువుతూ తనకు తెలియకుండానే పీక్కుంటోందట. మూడు నెలలుగా సరిగ్గా నిద్ర లేదట. ప్రతి వారం పరీక్ష పెడతారు, మార్కులు తగ్గితే సెక్షను మారుస్తారు, పెట్టె, పరుపు మోసుకుని అందరి ముందు నుంచి కింది అంతస్తుకు దిగాలి. నీ బిడ్డ రెండుసార్లు దిగింది. మాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

"ఎట్ల చెప్పాలె? పది నిమిషాలు వార్డెన్ మేడం ఫోనుల మాట్లాడతం. స్పీకర్ పెట్టి పక్కనే కూసుంటది."

అక్కడ పిల్లల బాధ వినడానికి ఒక కౌన్సెలర్ ఉందట. నాలుగు బ్రాంచీలకు ఒకామె, నవ్య వాళ్ల బ్రాంచీకి గురువారం వస్తుంది. ఆమెను కలవాలంటే ఇన్‌చార్జి చీటీ ఇవ్వాలి, చీటీ మీద ఎందుకో రాయాలి. నవ్య రాసిచ్చింది. ఆయన దాన్ని క్లాసులో పైకి చదివి, ర్యాంకు బాగైతే మనసు దానంతటదే బాగవుతుందన్నాడట. పిల్లలు నవ్వారట. మళ్లీ చీటీ రాయలేదు నా మనవరాలు.

నేను నేరుగా ఇన్‌చార్జి దగ్గరికి పోయాను. కౌన్సెలింగ్ గది ఉందమ్మా, చూసుకో అని బోర్డు చూపించాడు. నేను బోర్డు చదవలేను గానీ కిటికీలోంచి చూడగలను కదా. లోపల పరీక్ష కాగితాల కట్టలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి, వాటి మీద కుర్చీ తలకిందులుగా ఉంది. పిల్లను ఇంటికి తీసుకుపోతానన్నాను. అయితే అవుట్‌పాసు కాగితం మీద వేలిముద్ర వేయమన్నాడు. వేశాను.

ఆ కాగితం నకలును మంగళవారం రత్నమాలమ్మ చదివి వినిపించింది. పిల్లకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదని, కాలేజీ కౌన్సెలింగ్ అంతా ఇచ్చిందని, ఇంటి పని మీద తీసుకుపోతున్నామని, ఈ వచ్చే సోమవారం తెచ్చి అప్పగిస్తామని ఉందట. ఆ గదిని కళ్లారా చూసి వచ్చి, ఉందని వేలిముద్ర వేశాను నేను. నన్నెవరూ మోసం చేయలేరని ఇన్నేళ్లూ వీధంతా చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు నువ్వు అదే కాగితం పట్టుకుని "నువ్వే రాసిచ్చినవ్ గదనే" అంటున్నావు.

నువ్వన్న ఇంకో మాట కూడా రాయిస్తున్నాను, చదువుకో. "పిచ్చి దవాఖాన గడప మన ఇంటోళ్లు తొక్కలే. రేపు దాన్ని ఎవడు చేసుకుంటడు?" తొమ్మిదేళ్లప్పుడు నీకు కామెర్లు వస్తే చంకనేసుకుని ఉస్మానియా దాకా పోయాను. వీడికి రేపు పిల్లనెవరిస్తారని అప్పుడు నేను లెక్కలు వేయలేదు.

హైటెక్ సిటీలో పన్నెండేళ్లు అద్దాల ఆఫీసు ఊడ్చాను. ఆరో అంతస్తులో ఒక గది ఉండేది. మెత్తటి సోఫా, ఉద్యోగుల బాధ వినే ఉదయశ్రీ అనే మేడం. పెద్ద జీతాల పిల్లలు లోపలికి పోయి, మొహం తుడుచుకుని వచ్చి, మళ్లీ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు. కళ్లు తుడుచుకున్న కాగితాలతో నిండిన చెత్తబుట్టను రోజూ తీసింది నేనే. వాళ్లనెవరూ పిచ్చివాళ్లు అనలేదు. వాళ్లకు పెళ్లిళ్లూ అయ్యాయి, లడ్డూలు పంచారు. ఆ పిల్లల్నే నువ్వు కారులో తిప్పుతున్నావు. నవ్య కూడా ఒకనాడు అట్లా వెనక సీట్లో కూర్చోవాలనే కదా ఆ కాలేజీలో వేశావు. వాళ్లకు పనికొచ్చిన గది, పదిహేడేళ్ల పిల్లకు ఎందుకు పనికిరాదు? జీతం వచ్చేదాకా ఏడుపు ఆపుకోవాలా?

నిన్న ఉదయశ్రీ మేడంను అడిగాను. సర్కారు దవాఖానలోనే దీనికి డాక్టర్లున్నారు, జ్వరానికి చీటీ రాయించుకున్నట్టే రాయించుకోవాలి అంది. అదే సోమవారం నవ్యను అక్కడికి తీసుకుపోతాను. నువ్వు కాలేజీకి తీసుకుపోతానని వస్తే గడపలో నేనుంటాను.

నీ తల్లి
రుక్కమ్మ (వేలిముద్ర)


బోరబండ,
నెల తరువాత, బుధవారం.

నవ్య గదిలో తోడున్న బంగారు తల్లి రసజ్ఞకు, నీ స్నేహితురాలి నానమ్మ ముద్దులతో.

పిల్లలకొచ్చే ఉత్తరాలు వార్డెన్ మేడం విప్పి చదివాకే ఇస్తుందని నవ్య చెప్పింది. మంచిది. చదువమ్మా మేడం, నీక్కూడా పనికొస్తుంది.

రసజ్ఞా, నువ్వు రోజూ నవ్య గురించి బెంగపడుతున్నావని తెలిసింది. ఆ సోమవారం పొద్దున్నే వాళ్ల నాన్న కారు వేసుకుని వచ్చాడు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "జరుగు అమ్మా. దవాఖాన్ల లైను పెద్దగుంటది" అన్నాడు. అక్కడ డాక్టరమ్మ, బిడ్డతో మార్కులు కాకుండా ఏం మాట్లాడతావని అడిగితే, నవ్య వైపు తిరిగి "ఏం మాట్లాడతమే?" అని దాన్నే అడిగాడు. ఈ మాట రాయనని ఇప్పుడు మొండికేస్తున్నాడు. ఎందుకంటే ఈ ఉత్తరం రాస్తున్నది వాడే, పుస్తకాల తెలుగులోకి దిద్దుతున్నది ఎదురింటి రత్నమాలమ్మ. రాయమన్నాను, రాశాడు.

నవ్య వారానికోసారి దవాఖానకు పోతోంది. మందు వేసుకుంటోంది, నిద్ర పడుతోంది. చెవి వెనక గడ్డిపరకల్లా చిన్న వెంట్రుకలు మొలిచాయి. ఒక్కోరోజు మళ్లీ చెయ్యి అటే పోతుంది. పోతే పోనీ, తిడితే ఆగేది కాదంది డాక్టరమ్మ. ఇంట్లోనే చదువుకుని పరీక్షలు రాస్తుంది.

మొన్న ఆదివారం మేం మీ కాలేజీకి వచ్చింది నువ్వు చూశావు గానీ, ఆఫీసులో జరిగింది చూడలేదు. నేను ఆ పాత కాగితం తిరిగిమ్మన్నాను. వేలిముద్ర మీదే కదా, ఇగ మార్చేదేముంది అన్నాడు ఇన్‌చార్జి. "ఏలు నా దగ్గర్నే ఉంది సారూ. కొత్త కాగితం తియ్యి" అన్నాను. రవీందర్ అక్కడే కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాశాడు. తరువాత షెడ్డు కిందికి పోయి, ఆ గది ఒకసారి చూద్దాం రండని అందరినీ పిలిచాడు. నలభై మంది తల్లిదండ్రులు తలుపు ముందు నిలబడితే తాళంచెవి దొరక్క ఏం చేస్తుంది? కాగితాల కట్టలు మేమే బయటికి మోశాం.

అయినా నా కోపం చల్లారలేదు. ఇప్పుడా గదిలో రెండు కుర్చీలు పడతాయి, అంతే. కౌన్సెలర్ ఇంకా గురువారమే వస్తుంది. చీటీ మాత్రం ఇక అక్కర్లేదని ప్రిన్సిపాలు చేత అందరి ముందు రాయించుకున్నాం. వచ్చే గురువారం నువ్వు పో తల్లీ. ఏమీ లేకపోయినా పోయి కూర్చో. వాడకపోతే ఆ గదిని మళ్లీ కట్టలతో నింపుతారు.

వచ్చే నెల మొదటి ఆదివారం నూనె సీసా, దువ్వెన పట్టుకుని షెడ్డు కింద కూర్చుంటాను. మీ వాళ్లు రాలేకపోతే నా ముందు కూర్చో. నీ వెనక ఎంతమంది కూర్చున్నా సరే, అందరి జడలూ విప్పి చూస్తాను.

నవ్య నానమ్మ
రుక్కమ్మ

ఈ ఉత్తరాన్ని రవీందర్ చేత మూడుసార్లు చదివించుకుని, అప్పుడు వేసిన వేలిముద్ర ఇది.