మొద్దు తగిలిన చోట

అక్టోబరు 18, 1988
మంగళవారం

అమ్మకు,

డెలా ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ తాతయ్యా బాగానే ఉన్నాం. సరుకు పడవ మీద నీ వంటపొయ్యీ, దాని ముందు నువ్వూ బాగున్నారనుకుంటాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. తాతయ్య దగ్గు తగ్గింది. మొక్కజొన్న రొట్టె మజ్జిగలో నలుపుకుని ఇష్టంగా తింటున్నాడు. నా ఉద్యోగం సంగతంటావా, మూడు దరఖాస్తుల్లో రెండింటికి "క్షమించండి" అని వచ్చింది. మూడోవాళ్ళు ఆ మర్యాదా చూపలేదు.

ఆనకట్టవాళ్ళు ప్రతి ఏడాదిలాగే సరస్సులో నీళ్ళు దించేశారు. మన రేవు మెట్ల కింద ఆరడుగుల బురద బయటపడింది. చేపపిల్లలు గుంపులుగా మన పైనీ వాగు మొగలోకి ఎక్కుతున్నాయి, వాటిని తినడానికి వెనకే బాస్ చేపలు. మోటారు ఇంకా బాగుకాలేదు, తెడ్లు వేసుకునే వెళ్తున్నాం. తాతయ్య నీళ్ళ వంక చూడడు, కొంగల వంక చూస్తాడు. చేపపిల్లల కోసం అవి వాలిన చోటికే పడవ. ఎరను ప్రవాహానికి ఎగువన వేసి, దిగువకు రానిచ్చి, మునిగిన మొద్దుకు తగలగానే ఆపాలి. ఆ ఆగినప్పుడే చేప పట్టేది. నేనేమో రీలు తిప్పేస్తూనే ఉంటాను.

"ఏం పిల్లా, రైలు అందుకోవాలా?" అంటాడు. "పోనీ నీ డిగ్రీ కాగితం చూపించు, భయపడి చేపే పడవెక్కుతుంది."

పోయిన నెల పడవ మొద్దుకు గుద్దుకుని ప్రొపెల్లర్ విరిగిందని తెలిసి నువ్వు రాశావు: "డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి మొద్దు కనబడలేదంటే ఇక పడవ వద్దు. అక్టోబరు 22, శనివారం రాయిస్ మామయ్య వచ్చి తీసుకుపోతాడు." పైకి చదివింది నేనే. "సరే, దానిష్టం," అన్నాడు తాతయ్య. మర్నాటి నుంచి పెళ్ళికూతుర్ని పంపుతున్నట్టు ఆ పడవను తుడుస్తున్నాడు.

అమ్మా, ఆ రోజు చుక్కాని పట్టింది తాతయ్య కాదు. నేను.

"నెమ్మదించు. ఒడ్డు మీద పాత నీటి చార ఎంత పైనుందో చూడు," అన్నాడు. "పటంలో పదడుగుల లోతుంది తాతయ్యా," అన్నాను. అది ఎండాకాలపు నీళ్ళకు గీసిన పటం. ఈ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, నాకా మాట తోచలేదు. తాతయ్య మోచెయ్యి చీరుకుపోయింది. రేవులో మామయ్య అడిగితే, నేను నోరు తెరిచేలోపే "నాకే కనబడలేదోయ్" అనేశాడు.

"ఎందుకలా చెప్పావు?" అంటే, "ఉద్యోగం రాలేదని ఎలాగూ తిట్లు తింటున్నావు. అవి చాల్లే," అన్నాడు. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయే ఇన్నాళ్ళుగా చేపముల్లులా గొంతులో ఉంది.

నిన్న మామయ్యకు ఫోన్ చేసి నిజం చెప్పాను. "తెమ్మన్నది అక్క. వద్దని అక్కే చెప్పాలి," అన్నాడు. మీ పడవ శుక్రవారం మెంఫిస్‌లో ఆగుతుందన్నావుగా, పడవ తీసుకుపోవద్దని ఆయనకు ఒక్క ఫోను చెయ్యి.

ఇవాళ పొద్దున అదే మొద్దు దగ్గర ఎర వేశాను. తగిలింది. ఆపాను. మూడు అంకెలు లెక్కపెట్టేసరికి గాలపు కర్ర వంగింది. చేప నాలుగు పౌన్లుంటుంది. తాతయ్య దాన్ని మెల్లగా నీళ్ళలోకి వదిలి, "వచ్చే ఏటికి పడవ రాయిస్‌దిగా, వాడికి ఈ చోటు నువ్వే చూపించాలి," అన్నాడు.

ఇది రాస్తుంటే రేవులోంచి కేక: "వాగు మొగలో కొంగలు వాలాయి, రా పిల్లా!" కిటికీలోంచి ఎంత చూసినా నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఇట్లు,
తిట్లు ఇక తన పేరుమీదే పంపమనే
నీ కూతురు,
డెలా