మూత మీద గీత

శంషాబాద్,
12 ఆగస్టు 2011

బుద్వేల్ హోమియో డాక్టర్‌గారికి నమస్కారం.

పోయిన నెల కుడి భుజం నొప్పితో మీ దగ్గరికి వచ్చిన మొగులయ్య భార్యను. అదే రోజు నా మోకాళ్లకు కూడా మందిచ్చారు. "గోలీలు పనిచేస్తలేవని జర డాక్టర్‌సాబ్‌కు రాయి" అని ఆయన అంటే రాస్తున్నాను. ఆయన భుజం అట్లాగే ఉంది.

తప్పు నాదే. రెండు సీసాలూ ఒకే తీరుగా ఉన్నాయి. మూత మీద గీత ఉన్నది ఆయనదని మీరు చెబితే, నాదని గుర్తుపెట్టుకున్నాను. నెల రోజులు ఒకరి మందు ఒకరం వేసుకున్నాం. నిన్న మీ చీటీ చూస్తే తెలిసింది. ఆయనకు ఇంకా చెప్పలేదు.

విచిత్రమేమిటంటే, నా మోకాళ్లు తేలికయ్యాయి. మొన్న షాద్‌నగర్ బస్సు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాను. ఆయన గోలీలు నాకెట్లా పనిచేశాయి?

నిన్నటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. మనిషి స్వభావాన్ని బట్టి మందు ఇస్తామన్నారు మీరు. కోపం వస్తుందా అని ఇద్దరినీ అడిగారు. తనకు ముక్కు మీదే ఉంటుందని ఆయన చెప్పాడు. నా వంతు వచ్చి నేను నోరు తెరిచేలోపే, "దానికి కోపమా సార్? నలభై ఏండ్ల సంది ఒక్కనాడు సూడలే" అని నవ్వాడు. నేనూ తల ఊపాను. మీరు అదే రాసుకున్నారు.

వస్తుంది డాక్టర్‌గారూ. రోజూ వస్తుంది.

సోమవారం నేను ఒక్కదాన్నే వస్తాను. ఆ ప్రశ్న మళ్లీ అడగండి.